అలెగ్జాండ్రియా గ్రంథాలయం కాలిపోకుండా ఉంటే? గ్రంథాలయాల చరిత్రపై ఒక గ్రంథపాలకుడి సమాధానం

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో క్లుప్తంగా మళ్లీ రాస్తున్నాను. ఈజిప్టులోని ప్రాచీన అలెగ్జాండ్రియా గ్రంథాలయం తగలబడకుండా ఉంటే మనిషి ఇంకా ఎంతో ముందుండేవాడని అంటారు కదా, అందులో నిజమెంత? గ్రంథాలయానికి సంస్కృతిలో అంతటి గౌరవం ఎక్కడి నుంచి వచ్చింది? కావలసిందల్లా ఫోన్‌లో దొరికే ఈ రోజుల్లో ఆ గౌరవానికి ఇంకా అర్థముందా? 31 ఏళ్లు గ్రంథపాలకుడిగా పనిచేసి విరమించిన వాడిని కాబట్టి, చదివి తెలుసుకున్నదాన్నీ చేతులారా చేసినదాన్నీ కలిపి చెబుతాను.

సూటి సమాధానం ముందే ఇస్తాను. అలెగ్జాండ్రియా గ్రంథాలయం ఒక్క రాత్రి మంటల్లో పోలేదు. కొన్ని వందల ఏళ్ల పాటు పట్టించుకునే నాథుడు లేక పోయింది. గ్రంథాలయాలకు దక్కిన గౌరవం కూడా పోగుచేసిన పుస్తకాల సంఖ్యను బట్టి వచ్చింది కాదు. ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో, ఏమి అడుగుతారో తెలియకుండానే ఆ మనిషి కోసం ముందుగా చేసిపెట్టిన ఏర్పాటు గ్రంథాలయం. ఉన్నది దొరికేలా జాబితా రాయడం, అది శిథిలమయ్యేలోగా మరో ప్రతి సిద్ధం చేయడం, వచ్చి అడిగినవారికి ఇవ్వడం అనే పనులు సాగినంత కాలమే అది గ్రంథాలయంగా ఉంటుంది. ఫోన్ సంగతికి చివరలో వస్తాను.

అలెగ్జాండ్రియా కథలో తేదీలు వరుసగా పెట్టుకుంటే విషయం తేలికగా తెలుస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో టాలమీ రాజులు దాన్ని పోషించారు. రేవుకు వచ్చిన ఓడల్లో పుస్తకాలుంటే తీసుకుని, నకలు రాయించి, అసలు తమ దగ్గర ఉంచుకుని నకలును యజమానికి ఇచ్చేవారని గాలెన్ అనే వైద్యుడు రాశాడు. క్రీ.పూ. 145 ప్రాంతంలో ఎనిమిదవ టాలమీ పండితులను నగరం నుంచి వెళ్లగొట్టాడు. నా దృష్టిలో అసలు దెబ్బ అదే, ఎందుకంటే పుస్తకాలు మిగిలినా వాటిని ఎరిగినవారు మిగలలేదు. ఆ తరువాత దాదాపు వందేళ్లకు, క్రీ.పూ. 48లో, జూలియస్ సీజర్ ఓడలకు పెట్టించిన నిప్పు రేవు పక్క కట్టడాలకు అంటుకుంది. క్రీ.శ. 272 ప్రాంతంలో అరీలియన్ చక్రవర్తి చేసిన యుద్ధంలో రాజభవనాల పేట దెబ్బతింది. 391లో అనుబంధ గ్రంథాలయం ఒకప్పుడు నడిచిన సెరాపియం ఆలయాన్ని కూల్చారు. 7వ శతాబ్దంలో అరబ్బులు ఆ పుస్తకాలను స్నానశాలల్లో నీళ్లు కాచడానికి వాడారనే కథ, ఆ సంఘటన జరిగిందని చెప్పే కాలానికి 500 ఏళ్లకు పైగా గడిచాక రాసిన గ్రంథాల్లోనే మొదటగా కనబడుతుంది కాబట్టి దాన్ని చరిత్రకారులు నమ్మరు. గ్రంథాలయంలో ఎన్ని చుట్టలు, అంటే చుట్టి ఉంచే పపైరస్ పుస్తకాలు, ఉండేవన్నదానికి ప్రాచీన రచయితలు ఇచ్చే అంకెలు 40 వేల నుంచి 7 లక్షల దాకా ఉన్నాయి. ఒకదానికొకటి అంత దూరంగా ఉన్న అంకెల మీద ఏ లెక్కా కట్టకూడదు.

ఒక్క మంట కూడా రాకపోయి ఉంటే? పపైరస్ అనేది రెల్లు లాంటి మొక్క నుంచి చేసిన, కాగితంలా రాయడానికి వాడిన పలుచని వస్తువు. ఎడారి ఇసుకలో వేల ఏళ్లు నిలుస్తుంది గానీ, సముద్రపు తేమ తగిలే నగరంలో, రోజూ విప్పి చుట్టే చేతుల్లో అంత కాలం ఆగదు. ప్రతి కొన్ని తరాలకు ఒకసారి మొత్తం సేకరణను మళ్లీ చేత్తో రాయించాలి. అందుకు జీతాలు, చదువుకున్న లేఖకులు, ఆ గ్రంథం కావాలని అడిగే పాఠకులు ఉండాలి. ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫొక్లీస్ రాసిన 120కి పైగా నాటకాల్లో ఈ రోజు పూర్తిగా మిగిలినవి 7. పాఠశాలల్లో చదివించడానికి ఎంపికైనవాటిని తరతరాలుగా రాసుకుంటూ వచ్చారు కనుక అవి మిగిలాయి. మిగిలినవాటిలో చాలా వాటిని ఎవరూ కాల్చలేదు, తిరిగి రాయలేదంతే.

దీనికి నాకు బాగా నచ్చిన సాక్ష్యం 9వ శతాబ్దపు బాగ్దాద్ నుంచి దొరుకుతుంది. హునయిన్ ఇబ్న్ ఇస్హాక్ అనే అనువాదకుడు గాలెన్ గ్రంథాలను సిరియాక్, అరబీ భాషల్లోకి తెచ్చిన పనిని గురించి ఒక లేఖ రాశాడు. 129 గ్రంథాలను పేరుపేరునా చెప్పి, ఏది ఎవరు అనువదించారో, మూలప్రతి ఎలాంటిదో అందులో వివరించాడు. వాటిలో తర్కం మీద గాలెన్ రాసిన ఒక పుస్తకం కోసం తాను మెసపొటేమియా, సిరియా, పాలస్తీనా, ఈజిప్టు అంతటా తిరిగి అలెగ్జాండ్రియా దాకా వెళ్లానని, చివరకు డమాస్కస్‌లో మాత్రం దాదాపు సగం దొరికిందని చెబుతాడు. ఆ పుస్తకం ఇప్పుడు పూర్తి రూపంలో ఎక్కడా లేదు. దాన్ని ఎవరూ తగలబెట్టలేదు. వెతికిన ఒక్క మనిషి వెతికే నాటికే ఆలస్యమైపోయింది.

అదే సమయంలో, మంటే పుస్తకాలను కాపాడిన సందర్భాలూ ఉన్నాయని చెప్పకపోతే ఈ విషయం సగమే చెప్పినట్టవుతుంది. సిరియాలోని ఎబ్లా నగరంలో సుమారు 4,300 ఏళ్ల క్రితం రాజభవనం తగలబడింది. 1975లో ఇటలీ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వినప్పుడు సుమారు 1,800 పూర్తి మట్టి పలకలు, ఇంకా వేల ముక్కలు బయటపడ్డాయి. చెక్క అరలు కాలిపోగా పలకలు ఉన్న వరుసలోనే కిందికి జారాయి కాబట్టి, ఏ అరలో ఏ రకం పలకలుండేవో శాస్త్రవేత్తలు తిరిగి కూర్చగలిగారు. ఇప్పటి ఇరాక్‌లోని నినెవె నగరంలో అషుర్‌బనిపాల్ చక్రవర్తి క్రీ.పూ. 7వ శతాబ్దంలో కూర్చిన గ్రంథాలయానిదీ ఇంచుమించు అదే కథ. క్రీ.పూ. 612లో శత్రువులు నగరాన్ని కాల్చినప్పుడు మట్టి పలకలు ఇటుకల్లా కాలి గట్టిపడ్డాయి. మైనం పూసిన చెక్క పలకల మీద రాసినవి మాత్రం ఆనవాలు లేకుండా పోయాయి. 19వ శతాబ్దం మధ్యలో తవ్వి తీసిన ఆ పలకలు, ముక్కలు 30 వేలకు పైగా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద 1872లో జార్జ్ స్మిత్ అనే ఉద్యోగి జలప్రళయ గాథను చదివాడు. అది గిల్గమేష్ ఇతిహాసంలోని భాగమని ఈ రోజు ప్రపంచమంతటికీ తెలుసు. పలకను ఎత్తుకుపోయేవాడికి దేవతల శాపం తగలాలని చివర రాసిన వాక్యాలు కూడా ఆ పలకల మీద ఉన్నాయి. పుస్తకం తిరిగి రాదేమోనన్న భయం మా వృత్తి అంత పాతది.

ఇక జాబితా. మా పనిలో పైకి కనిపించని, అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. అలెగ్జాండ్రియాలో పనిచేసిన కల్లీమకస్ అనే కవి 120 చుట్టల నిండా ఒక సూచిక తయారుచేశాడు. ప్రక్రియల వారీగా విభజించి, రచయితల పేర్లు అక్షరక్రమంలో ఇచ్చి, ఒక్కొక్కరి తండ్రి పేరు, స్వస్థలం, గ్రంథం మొదటి పంక్తి, మొత్తం పంక్తుల సంఖ్య చేర్చాడు. మొదటి పంక్తి ఎందుకంటే, ఒకే పేరుతో రెండు పుస్తకాలున్నప్పుడు ఏది ఏదో తేల్చడానికి. పంక్తుల సంఖ్య ఎందుకంటే, చేతికొచ్చిన ప్రతి పూర్తిదా, మధ్యలో తెగిపోయిందా అని చూడడానికి. ఈ పని చేసినవారికి ఆ రెండు వివరాలు చూడగానే అర్థమవుతుంది, ఆ మనిషి నిజంగా అరల ముందు నిలబడి చుట్టలు విప్పి చూసి రాశాడని. ఆ సూచిక కూడా ఇప్పుడు చిన్న చిన్న తునకలుగా తప్ప మిగల్లేదు.

గ్రంథాలయంలో తప్పు అరలో పెట్టిన పుస్తకం లేని పుస్తకంతో సమానం. నేను ఉద్యోగంలో చేరిన మూడో ఏడు స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే ఉన్న పుస్తకాలను జాబితాతో సరిచూసేటప్పుడు, నేల తీరును, నీటి వసతిని గురించిన ఒక పాత సర్వే నివేదిక కనబడలేదు. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస నంబరుతో రాసుకునే యాక్సెషన్ రిజిస్టర్‌లో నమోదు ఉంది, కార్డు ఉంది, పుస్తకం లేదు. పోయినట్టు రాసేశాం. ఆ మధ్యకాలంలో దాన్ని అడిగిన ఇద్దరు పరిశోధకులకు లేదని చెప్పి పంపాను. పదకొండేళ్ల తరువాత అర మార్చేటప్పుడు అది భూగోళ పటాల వెనక, గోడకు ఆనుకుని కనబడింది. దాని వెన్ను మీద అంటించిన చీటీలో అరలో దాని చోటు చెప్పే కాల్ నంబర్‌లోని ఒక అంకె తారుమారు అయింది. ఆ చీటీ రాసింది నేనే. ఆ ఇద్దరిలో ఒకరి చిరునామా పాత సందర్శకుల పుస్తకంలో దొరికితే ఉత్తరం రాశాను, అప్పటికి వారి పరిశోధన ముగిసిపోయింది. ఆ తరువాత విరమించే రోజు దాకా చీటీ అంటించిన ప్రతి పుస్తకాన్ని మరొకరి చేత చదివించకుండా నేను అరలోకి పంపలేదు.

ఇప్పుడు పుస్తకాల వివరాలు రాసిన కార్డుల సొరుగులు చాలా చోట్ల మూలన పడ్డాయి, కంప్యూటర్ వాటికంటే త్వరగా వెతికిపెడుతుంది, అందులో వాదించడానికేమీ లేదు. కానీ ఆ సొరుగులు చెప్పిన ఒక సంగతి ఏ యంత్రమూ నాకు అంత స్పష్టంగా చెప్పలేదు. సొరుగు లాగి పైనుంచి చూస్తే కొన్ని కార్డుల పైఅంచులు వేళ్ల మురికితో నల్లబడి, మెత్తబడి ఉండేవి. మా దగ్గర అన్నిటికంటే నల్లబడినవి వైద్యం, భూమి చట్టాలు, పోటీ పరీక్షలు, జాతక గణితం. ఏ విషయం మీద పుస్తకాలు కొనాలో నిర్ణయించే ముందు ప్రతి ఏడూ ఆ అంచులు చూసుకునేవాణ్ని.

ప్రతి తీయడం గురించి ఇప్పటికే చాలా చెప్పాను కనుక ఒక్క ఉదాహరణతో సరిపెడతాను. చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ నలందాలో చదువుకుని, 645లో స్వదేశానికి చేరినప్పుడు వెంట 657 గ్రంథాలు తీసుకెళ్లాడు. ఆ తరువాతి శతాబ్దాల్లో నలంద ధ్వంసమైంది. సంస్కృత మూలం పూర్తిగా పోయినా చైనా, టిబెట్ అనువాదాల్లో మాత్రమే మనకు దక్కిన బౌద్ధ గ్రంథాలు చాలా ఉన్నాయి. ఒకే చోట ఉన్న ప్రతి, ఎంత భద్రంగా ఉన్నా, లేనట్టే లెక్క.

భద్రత గురించి నేను చూసిన ఒక రాత్రి. పై అంతస్తులో నీటి గొట్టం పగిలి, తెల్లవారి తలుపు తీసేసరికి రెండు ర్యాకుల పుస్తకాలు తడిసి ఉబ్బిపోయి ఉన్నాయి. తడిసిన పుస్తకానికి బూజు పట్టడానికి రెండు మూడు రోజులు చాలు. మామూలు కాగితం పుస్తకాలను విసనకర్రలా విప్పి నిలబెట్టి, పేజీల మధ్య అద్దుడు కాగితం పెట్టి, గంటకోసారి మారుస్తూ గాలికి ఆరబెట్టాం. నున్నని మెరుపు కాగితం పుస్తకాలు మాత్రం ఆరుతున్న కొద్దీ పేజీలు ఒకదానికొకటి అతుక్కుని దిమ్మల్లా తయారయ్యాయి. వాటిని తడి ఆరకముందే శీతల గిడ్డంగిలో పెట్టి గడ్డకట్టించి ఉంటే సమయం దొరికేదని నాకు అప్పటికి తెలియదు. 1966 నవంబరు 4న ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో నది పొంగి జాతీయ గ్రంథాలయాన్ని బురదలో ముంచినప్పుడు, అనేక దేశాల నుంచి వచ్చిన యువకులు చేతులు మారుస్తూ ఒక్కొక్క పుస్తకాన్నే పైకి చేరవేశారు. ఆ పనిలో నేర్చుకున్నదే ఈనాటి గ్రంథ సంరక్షణ శాస్త్రానికి పునాది అయింది.

ఇక తలుపు. గ్రంథాలయాలు మొదటి నుంచీ అందరివని చాలామంది అనుకుంటారు. కాదు. చరిత్రలో ఎక్కువ భాగం అవి రాజులవి, మఠాలవి, విశ్వవిద్యాలయాలవి. ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టి ఉంచిన గ్రంథాలయాలు ఇప్పటికీ కొన్ని నిలిచి ఉన్నాయి, ఇంగ్లండ్‌లోని హెర్‌ఫర్డ్‌లో చూడవచ్చు. 1602లో తెరుచుకున్న ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయం పుస్తకాన్ని బయటికి ఇవ్వదు. 1645లో సాక్షాత్తు మొదటి చార్లెస్ రాజు ఒక పుస్తకం ఎరువు కోరితే, నిబంధన ఒప్పుకోదని గ్రంథపాలకుడు చెప్పాడు, రాజు ఆ మాట మన్నించాడు. నిబంధన రాజుకూ ఒకటేనన్న సంగతి ఆ రోజుల్లో చిన్నదేమీ కాదు.

పన్ను డబ్బుతో నడిచే, ఎవరైనా ఉచితంగా వచ్చి చదువుకునే గ్రంథాలయం దేశవ్యాప్తంగా పాతుకున్నది 19వ శతాబ్దంలోనే. 1833లో అమెరికాలోని పీటర్‌బరో అనే చిన్న ఊరు ఆ పని మొదలుపెట్టింది. 1850లో బ్రిటన్ పార్లమెంటు చేసిన చట్టం 10 వేలకు మించిన జనాభా ఉన్న పట్టణాలు, పన్ను చెల్లించేవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే, ఆస్తి విలువ మీద పౌండుకు అర పెన్నీ పన్ను వేసుకోవచ్చన్నది. ఆ డబ్బుతో భవనం కట్టవచ్చు, జీతాలివ్వవచ్చు, పుస్తకాలు మాత్రం కొనకూడదు! 1855లో పన్ను ఒక పెన్నీ అయ్యాక గానీ పుస్తకాల కొనుగోలుకు అనుమతి రాలేదు. పేదవాడు చదివితే అదుపు తప్పుతాడన్న భయం అంత గట్టిగా ఉండేది. ఆ చట్టం కోసం పాటుపడిన ఎడ్వర్డ్ ఎడ్వర్డ్స్ ఒకప్పుడు తాపీ పని నేర్చినవాడు. 1852లో తెరుచుకున్న మాంచెస్టర్ ఉచిత గ్రంథాలయానికి ఆయనే మొదటి గ్రంథపాలకుడయ్యాడు. ఆ తరువాత ఆండ్రూ కార్నెగీ ఇచ్చిన డబ్బుతో 2,509 గ్రంథాలయ భవనాలు లేచాయి. స్థలం ఊరివారే ఇవ్వాలని, కట్టిన ఖర్చులో ఏటా పదో వంతు నిర్వహణకు తామే పెట్టాలని ఆయన షరతు పెట్టాడు. భవనం దానంగా రావచ్చు గానీ, రోజువారీ నిర్వహణను దానం మీద వదలకూడదని ఆయనకు తెలుసు.

తలుపు తెరిచినా అందరికీ తెరవలేదు. 1939 ఆగస్టు 21న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, అదీ అలెగ్జాండ్రియా అనే పేరున్న ఊళ్లోనే, అయిదుగురు నల్లజాతి యువకులు ఒకరి తరువాత ఒకరు ప్రజా గ్రంథాలయంలోకి వెళ్లి సభ్యత్వ కార్డు అడిగారు. సిబ్బంది ఇవ్వబోమని చెప్పారు. ప్రతి ఒక్కరూ అరలోంచి ఒక పుస్తకం తీసుకుని, వేరువేరు బల్లల దగ్గర కూర్చుని, మౌనంగా చదువుకోసాగారు. పోలీసులు వచ్చి వారిని అరెస్టు చేశారు. ఈ నిరసనను సిద్ధం చేసిన న్యాయవాది శామ్యూల్ టక్కర్ వయసు అప్పటికి 26. మరుసటి ఏడాది నల్లవారి కోసం విడిగా ఒక చిన్న గ్రంథాలయం కట్టించి అక్కడ కార్డు ఇస్తామంటే టక్కర్ దాన్ని తీసుకోనని రాసి పంపాడు. గ్రంథాలయానికి సంస్కృతిలో ఉన్న స్థానం ఏమిటని ఎవరు అడిగినా ఆ అయిదు బల్లలే నాకు గుర్తుకొస్తాయి. ఒక సమాజం ఎవరిని తనవారిగా ఒప్పుకుంటుందో ఆ సభ్యత్వ కార్డు మీద తెలిసిపోతుంది.

దాన్ని శత్రువులు కూడా బాగా ఎరుగుదురు. 1914లో బెల్జియంలోని లువెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయాన్ని జర్మన్ సైన్యం కాల్చింది. మళ్లీ కట్టుకుంటే 1940లో యుద్ధంలో మరోసారి కాలింది. 1981లో శ్రీలంకలోని యాళ్పాణం (జాఫ్నా) గ్రంథాలయం సుమారు 97 వేల పుస్తకాలతో, తాళపత్రాలతో సహా బూడిదైంది. 1992 ఆగస్టులో బోస్నియాలోని సరయెవో జాతీయ గ్రంథాలయం మీద ఫిరంగి గుండ్లు కురిపించారు. 1940 నాటి మంట సంగతి పక్కన పెడితే, వీటిలో ఏదీ ప్రమాదం కాదు. ఒక జాతి ఇక్కడ ఇన్నాళ్లుగా ఉందనడానికి కాగితం మీదున్న రుజువు అలాంటి మంటల్లో తుడిచిపెట్టుకుపోతుంది. ఆఫ్రికాలోని మాలి దేశపు టింబక్టులో మాత్రం 2012లో సాయుధులు ఊరిని ఆక్రమించినప్పుడు అబ్దెల్ కాదర్ హైదరా, ఆయన సహచరులు వేల కొద్దీ రాతప్రతులను ఇనప పెట్టెల్లో పెట్టి, బండ్ల మీద, పడవల మీద రాజధాని బమాకోకు రహస్యంగా చేరవేశారు.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఫోన్‌లో దొరకడం గొప్ప వరమే. కదలలేని పాఠకులకు, దూరాన ఉన్నవారికి అది ఎంత మేలు చేసిందో నా కళ్లతో చూశాను. అయితే దొరకడం వేరు, ఉండడం వేరు. మేము ఒక ప్రచురణ సంస్థ పత్రికలను అచ్చులో తెప్పించుకోవడం మాని, ఆన్‌లైన్ చందాకు మారాం. ఆరేళ్ల తరువాత నిధులు తగ్గి చందా ఆగిపోయిన నెలలోనే, అంతకు ముందు ఆరేళ్లు డబ్బు కట్టి చదివిన పాత సంచికలు కూడా కనబడకుండా పోయాయి. ఒప్పందం చదివితే మేము కొన్నది పత్రికను కాదు, చూసే అనుమతిని మాత్రమే అని తేలింది. సంతకం పెట్టే ముందు ఆ వాక్యం మీద మేమెవరమూ ఆగలేదు. అంతకు ముందటి బైండు సంపుటాలు మాత్రం అరలో ఉన్నచోటే ఉన్నాయి. అప్పటి నుంచి ఏ ఒప్పందం వచ్చినా నేను మొదట వెతికింది ఒక్కటే: చందా ఆగాక పాత సంచికలు మా దగ్గర నిలుస్తాయా, నిలవవా?

ఇంకొక తేడా కూడా ఉంది. ఫోన్ మీరు అడిగినదాన్ని చూపిస్తుంది. అర, మీరు అడగడం తెలియనిదాన్ని కూడా పక్కనే ఉంచుతుంది. పాఠకుణ్ని స్వయంగా అరల మధ్యకు రానివ్వడం బ్రిటన్ ప్రజా గ్రంథాలయాల్లో 1894లో లండన్‌లోని క్లర్కెన్‌వెల్‌లో మొదలైంది. అంతకు ముందు చీటీ రాసి ఇస్తే లోపలి నుంచి తెచ్చిచ్చేవారు. గణితం బోధిస్తూ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన అయిదు సూత్రాల్లో ప్రతి పాఠకుడికీ తన పుస్తకం ఉండాలన్న దానితో పాటు, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు ఉండాలన్నది కూడా ఒకటి. ఆ రెండో మాట పుస్తకం వైపు నుంచి ఆలోచించి చెప్పినది. తెరిచి ఉంచిన అరలు, పక్కపక్కన విషయక్రమంలో సర్దడం ఆ మాట కోసమే.

మీకు ఇదంతా కళ్లారా చూడాలనిపిస్తే ఒక పని చేయండి. మీకు దగ్గరలో ఉన్న ఏదైనా పాత గ్రంథాలయానికి వెళ్లి, యాక్సెషన్ రిజిస్టర్ మొదటి సంపుటం చూపించమని గ్రంథపాలకుణ్ని మర్యాదగా అడగండి. మొదటి వరుసలో 1 అనే అంకె, ఒక తేదీ, పుస్తకం పేరు, ఎవరి నుంచి వచ్చింది, ఎంతకు వచ్చింది అన్నవి ఎవరో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంటారు. ఆ 1వ నంబరు పుస్తకం ఇంకా అరలో ఉందా అని అడిగి చూడండి. ఉంటే దాని డేట్ స్లిప్‌లో, అంటే పుస్తకం తిరిగి ఇవ్వాల్సిన తేదీలు వేసే చీటీలో, ఉన్న తేదీలు చదవండి. లేకపోతే రిజిస్టర్‌లో చివరి గడిలో, అది ఎప్పుడు, ఎందుకు తొలగించారో ఎర్ర సిరాతో రాసి ఉందేమో చూడండి.